నిలిచిన నీళ్లలో నేర్చిన ఈత

చివ్వెంల, సూర్యాపేట చుట్టుపక్కల ఈత వచ్చిన నడివయసు వాళ్లలో చాలామందికి గురువు వ్యవసాయ బాయే. వేసవి సెలవుల్లో నడుముకు బెండో, ట్రాక్టర్ ట్యూబో, మూత బిగించిన నూనె డబ్బానో కట్టి, అన్నో చిన్నాయనో తాడు కొస పట్టుకొని నీళ్లలోకి దింపేవాడు. నాలుగు రోజులు నీళ్లు మింగాక కాళ్లూ చేతులూ దారికొచ్చేవి. బాయి నేర్పే విద్య తక్కువదేమీ కాదు. భయం పోతుంది, ఊపిరి బిగబట్టడం వస్తుంది, మునిగి తేలడం వస్తుంది. అయితే ఆ బాయి ఎంత పెద్దదైనా ఏ మూల నుంచైనా పది పదిహేను బారలు వేస్తే దరి దొరుకుతుంది. నీళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. దూకినచోటే తేలతాం, దిగిన మెట్లే ఎక్కుతాం.

కాలువలో అలా కుదరదు. సముద్రంలో అసలే కుదరదు. ఎవరైనా నీళ్లలో పోయారంటే ముందు వచ్చే మాట ‘ఈత రాకపోయి ఉంటుంది’ అని. కొన్నిసార్లు అది నిజమే. కానీ ఊళ్లో మంచి ఈతగాడని పేరున్నవాళ్లు కూడా పోతున్నారు. వాళ్లకు వచ్చింది నిలిచిన నీళ్ల ఈత, వాళ్లు దిగింది నడిచే నీళ్లలోకి. ఈ రెండూ వేరువేరని మన పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పడం లేదు.

ముందు మన కాలువల సంగతి చూద్దాం. చివ్వెంల వైపు వచ్చే శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) రెండో దశ కాలువలకు మనది చివరి ఆయకట్టు. ఏడాదిలో చాలా నెలలు అవి ఎండి ఉంటాయి. పిల్లలు అందులో ఆడుకుంటారు, మేకలు దిగి గడ్డి మేస్తాయి. నీళ్లు వదిలిన నాడు అదే చోట నిలువెత్తు ప్రవాహం వస్తుంది. మొన్నటిదాకా నడిచిన నేలే కదా, లోతు మనకు తెలియనిదా అనుకొని దిగుతారు. లోతు తెలిసిందే. తెలియనిది వేగం.

కిందికి పోతే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఉంది. 1967లో నీళ్లు వదిలిన ఈ కాలువను తలదగ్గర 11 వేల క్యూసెక్కులు పారేలా కట్టారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు. 11 వేల క్యూసెక్కులంటే సెకనుకు 3 లక్షల లీటర్లు దాటుతుంది. మేజర్లనే పిల్ల కాలువలకు పంచుకుంటూ వచ్చేసరికి అది తగ్గుతుంది కానీ, కోదాడ దగ్గర మిగిలింది కూడా మనిషి ఎదురు నిలవగలిగినది కాదు.

పైగా కాలువ చప్పుడు చేయదు. వాగులో రాళ్లుంటాయి, నీళ్లు వాటికి కొట్టుకొని మోగుతాయి, మనిషి జాగ్రత్తపడతాడు. కాలువను ఇంజినీర్లు నున్నగా, తిన్నగా కట్టేదే నీళ్లు ఎక్కడా తగలకుండా, వేగం పోకుండా పారాలని. అందుకే నిండుగా పారుతున్న కాలువ పైకి చూస్తే చెరువులా ప్రశాంతంగా ఉంటుంది. ఆ ప్రశాంతతను నమ్మకూడదు. నమ్మేముందు ఒక పని చేయాలి. గట్టు మీద నిలబడి ఒక పుల్లను నడికాలువలోకి విసిరి, దాని వెంట నడవాలి. మామూలు నడకతో దాన్ని అందుకోగలిగితే వేగం సెకనుకు ఒక మీటరుకు కాస్త పైన ఉన్నట్టు. బాయిలో ఈత నేర్చిన మనిషి ఆ వేగంతో నిమిషం పాటు కూడా ఎదురీదలేడు. పుల్ల కోసం పరుగు అందుకోవాల్సి వస్తే అక్కడ కాళ్లు కడుక్కోవడానికి కూడా దిగకూడదు. నీటి వేగం రెండింతలైతే అది మనిషిని నెట్టే బలం నాలుగింతలవుతుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ మనిషి కొట్టుకుపోవడానికి కారణం ఇదే.

సెకనుకు 1.2 మీటర్ల ప్రవాహంలో నిమిషం గడిస్తే 70 మీటర్లు కిందికి వచ్చేస్తాం. దిగిన మెట్లు ఆ దూరాన వెనకబడి ఉంటాయి. ఇక్కడే బాయి అలవాటు ప్రాణం తీస్తుంది. బాయిలో దిగిన మెట్లకే తిరిగి వెళ్లడం నేర్చిన శరీరం కాలువలో కూడా వెనక్కి తిరిగి ఎదురీదుతుంది. నిమిషంలో ఊపిరి అయిపోతుంది, భుజాలు పడిపోతాయి. పక్కకు తిరిగి గట్టు పట్టుకుందామంటే సిమెంటు లైనింగ్ ఏటవాలుగా ఉంటుంది, దాని మీద పాచి ఉంటుంది, చేతికి ఏదీ చిక్కదు. గట్టు మూరెడు దూరంలో ఉండి కూడా మనిషి జారిజారి పోయే చోటు అది. కాలువల్లో పోయినవాళ్లలో బట్టలుతకడానికి వచ్చిన ఆడవాళ్లు, బర్రెలు కడగడానికి వచ్చిన పిల్లలు ఈతకని దిగినవాళ్లు కాదు. ఆ పాచి మీద కాలు జారినవాళ్లు.

కాబట్టి దిగేముందు చూసుకోవాల్సింది మెట్లు ఎక్కడున్నాయని కాదు, కిందివైపు తర్వాతి మెట్లు ఎక్కడున్నాయని. దగ్గరలో లేకపోతే అది దిగే చోటు కాదు. పొరపాటున కొట్టుకుపోతే ఎదురీదకుండా వెల్లకిలా తిరిగి, కాళ్లు నీరు పోయే దిక్కుకు పెట్టి, తల పైకి ఉంచి తేలాలి. నీళ్లతోపాటు పోతూనే కొద్దికొద్దిగా ఏటవాలుగా గట్టు వైపు చేతులు కొట్టాలి. గట్టు పక్కన వేగం తక్కువ. మెట్లో, వాలిన కొమ్మో, పైపో ఏది ముందు దొరికితే దాన్ని పట్టుకోవాలి. అక్కడిదాకా ఓపిక మిగలాలంటే మొదటి నిమిషం పోరాటంలో పోగొట్టుకోకూడదు.

తూముల దగ్గర సంగతి ఇంకా కఠినం. షట్టర్ కొద్దిగా ఎత్తి ఉన్న తూము పైన నీళ్లు కదలనట్టే కనిపిస్తాయి, కింద మాత్రం లాగుతుంటాయి. చదరపు అడుగు కంత ఉన్న తూము మీద ఆరడుగుల నీళ్లు నిలిచి, అవతల వైపు ఖాళీగా ఉంటే, ఆ కంతకు అడ్డుపడ్డ మనిషి మీద పడే బరువు దాదాపు 170 కిలోలు. నలుగురు పట్టి లాగినా రాని బిగువు అది, షట్టర్ దించితే తప్ప వదలదు. అండర్ టన్నెళ్లు, రెగ్యులేటర్లు, కాలువ నీళ్లు ఎత్తు నుంచి కిందికి పడే డ్రాపుల దగ్గర కూడా ఇంతే. డ్రాపు కింద నురగలు కక్కే నీళ్లలో గాలి ఎక్కువగా కలిసి ఉంటుంది, అందులో శరీరం తేలదు. సుడి పైకి వచ్చిన మనిషిని మళ్లీ కిందికే తిప్పుతుంది. పిల్లలు దూకడానికి ఎంచుకునేదేమో సరిగ్గా వంతెనలూ రెగ్యులేటర్లూ ఉన్నచోటే, ఎందుకంటే ఎత్తు దొరుకుతుంది. ఎత్తు నుంచి తలకిందులుగా దూకితే కింద పూడిక ఎంత చేరిందో తెలియదు. మెడ విరిగితే బతికి బయటపడ్డా జీవితమంతా మంచం మీదే.

చెరువులు ప్రశాంతమే అయినా వాటికీ ఒక కొత్త గుణం వచ్చింది. ఇటుక బట్టీలకు, రోడ్లకు, లేఅవుట్లకు చెరువు మట్టి తవ్వుకుపోతున్నారు. ఎండాకాలంలో ఆ గుంతలు కళ్లకు కనిపిస్తాయి. వానాకాలం నిండాక మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడి తర్వాతి అడుగు తల మునిగే గుంతలో పడుతుంది. తాత కాలం నుంచి ఎరిగిన చెరువే అన్న ధీమా ఇప్పుడు పనికిరాదు. వ్యవసాయ బాయిలో దిగేవాళ్లు మోటరు వైర్లు తెగి నీళ్లలో పడి ఉన్నాయేమో చూసి, స్టార్టర్ దగ్గర కరెంటు బంద్ చేశాకే దిగాలి.

పైనుంచి నీళ్లు వదిలే ప్రమాదాన్ని కూడా మరవకూడదు. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నది మధ్య రాళ్ల మీద ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు ఒక్కసారిగా నీళ్లు వదలడంతో కొట్టుకుపోయారు. వాళ్లు ఈదడానికి దిగలేదు. పాదాలు తడిసే నీళ్లలో నిలబడ్డారంతే. మూసీ ప్రాజెక్టు గేట్ల దిగువన చేపలకు దిగేవాళ్లకూ, సాగర్ దిగువన రాళ్ల మీద కూర్చునేవాళ్లకూ ఆ రోజు జరిగింది గుర్తుండాలి. గేటు ఎత్తేది మనం ఉన్నామా లేమా అని చూసి కాదు.

ఇక సముద్రం. సూర్యాపేట, కోదాడ పిల్లలు సెలవు దొరికితే కారో బైకులో తీసుకొని బాపట్ల దగ్గరి సూర్యలంకకో, చీరాల దగ్గరి ఓడరేవుకో పోతున్నారు. నాలుగైదు గంటల ప్రయాణం, రాత్రి నిద్ర ఉండదు, కొందరికి మధ్యలో మందు కూడా ఉంటుంది. దిగగానే నీళ్లలోకే పరుగు. మందు తాగిన మనిషికి చలి తెలియదు, అలసట తెలియదు, దూరం తెలియదు. నీళ్లలో ప్రాణం నిలిపేది ఆ మూడూ తెలియడమే. తాగినవాడిని నీళ్లలోకి దిగనీయని స్నేహితుడు ఆ గుంపులో ఒక్కడైనా ఉండాలి.

సముద్రంలో చాలామందిని ముంచేది అల కాదు. అల ఒడ్డుకే తోస్తుంది. అలలు తెచ్చిపోసిన నీళ్లు వెనక్కి పోవడానికి దారి కావాలి. ఒడ్డుకు కొంచెం దూరంలో నీటి అడుగున ఇసుక మేట కట్టలా ఉంటుంది. చెరువు కట్టకు గండి పడితే నీళ్లన్నీ ఆ గండికే పరుగెత్తినట్టు, ఈ ఇసుక కట్టలో తగ్గుచోటు ఎక్కడుంటే అక్కడినుంచి వెనక్కి పోయే నీళ్లన్నీ ఒక పాయగా సముద్రంలోకి దూసుకుపోతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. మామూలుగా మనిషి మెల్లగా నడిచేంత వేగం, ఉధృతి ఉన్ననాడు ఒలింపిక్ ఈతగాడు కూడా అందుకోలేనంత వేగం. గండి దగ్గర లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అలలు విరగవు, నురగ కనిపించదు. కుడిఎడమల తెల్లగా విరుగుతున్న అలల మధ్య ఒక్కచోట నీళ్లు నల్లగా, శాంతంగా ఉంటే, సముద్రానికి కొత్తవాళ్లు పిల్లల్ని తీసుకొని సరిగ్గా అక్కడే దిగుతారు. అది బయటికి పోయే దారి.

రిప్ మనిషిని కిందికి లాగదు, దూరం తీసుకుపోతుంది. అలలు విరిగేచోటు దాటాక దాని బలం తగ్గుతుంది. అందులో చిక్కినవాడు ఒడ్డు వైపు ముఖం పెట్టి ఈదితే కాలువలో ఎదురీదినట్టే. తేలుతూ, ఊపిరి పీల్చుకుంటూ, ఒక చేయి పైకెత్తి పిలవాలి. ఓపిక ఉంటే తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరుగుతున్న చోటుకు చేరితే ఆ అలలే ఒడ్డుకు తోస్తాయి.

యూరప్‌లో చదివే, ఉద్యోగాలు చేసే మన పిల్లలు ఎండాకాలంలో స్పెయిన్, ఇటలీ, దక్షిణ ఫ్రాన్స్ తీరాలకు పోతుంటారు. మధ్యధరా సముద్రం చూపుకు బంగాళాఖాతం కంటే ఎంతో సాధువు. అక్కడ ఆటుపోట్ల తేడా చాలాచోట్ల అరమీటరు లోపే. కానీ రిప్‌ను పుట్టించేది పోటు కాదు, అల. గాలి లేచిన రోజు అక్కడా రిప్‌లు వస్తాయి, అక్కడా మనుషులు పోతారు. అక్కడి తేడా సముద్రంలో లేదు, ఒడ్డున ఉంది. ఫ్రాన్స్, స్పెయిన్‌లలో కాపలా ఉండే బీచ్‌లలో ఆకుపచ్చ జెండా ఉంటే దిగవచ్చు, పసుపుకు జాగ్రత్త, ఎర్ర జెండా ఎగిరితే దిగడం నిషేధం. ఫ్రాన్స్‌లో తీరం నుంచి 300 మీటర్ల దాకా పడవలు 5 నాట్ల వేగం మించి పోకూడదు, స్పెయిన్‌లో బీచ్‌ల ముందు 200 మీటర్ల మేర ఇలాంటి కట్టడే ఉంది. జెట్ స్కీ ఈతగాళ్ల మీదికి రాకుండా ఉండటానికే ఆ గీత.

పడవ ఆటలకు ఆ తీరంలో ఇంకో సంగతి తెలియాలి. నేల మీది నుంచి సముద్రం వైపు గాలి వీచే రోజు ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి. దక్షిణ ఫ్రాన్స్‌లో వీచే మిస్ట్రాల్ అలాంటి గాలే. ఆ అద్దాన్ని చూసి గాలి నింపిన పరుపు మీదో, పాడిల్ బోర్డు మీదో పోయినవాడిని గాలి లోపలికి తోసేస్తుంది. దూరం పోయాక అలలు మొదలవుతాయి. అప్పుడు బోర్డు వదిలి ఈదుకుంటూ రావాలని చూడటమే పెద్ద తప్పు. బోర్డు కాలికి తాడుతో కట్టి ఉండాలి, దాన్నే పట్టుకొని సాయం కోసం ఆగాలి. వెతికేవాళ్లకు తల కనిపించదు, బోర్డు కనిపిస్తుంది.

లైఫ్ జాకెట్ గురించి మనవాళ్లకు ఉన్న చిన్నచూపు పోవాలి. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర ఫెర్రీ ఘాట్ వద్ద కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. జాకెట్లు లేకుండా మనుషుల్ని ఎక్కించుకున్న పడవ అది. జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకూడదు. ఇచ్చిన జాకెట్‌ను ఫోటో కోసం తగిలించుకోకుండా పట్టీలన్నీ బిగించాలి. బిగించాక పక్కవాళ్లను భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగమనాలి. అది గడ్డం దాటి పైకి వస్తే వదులుగా ఉన్నట్టు, నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది, మనిషి జారిపోతాడు.

ఇప్పుడు అన్నిటికంటే బాధ కలిగించే మాట. ఒకరు మునుగుతుంటే కాపాడబోయి ఇద్దరు, వాళ్లకోసం ఇంకొకరు, ఇలా ఒకే ఇంటి నుంచి ముగ్గురు నలుగురు పోయిన వార్తలు మనం ఎన్ని చదవలేదు! ప్రేమతోనే దూకుతారు. కానీ మునిగేవాడు దొరికినదాన్ని ఎక్కి పైకి రావాలని చూస్తాడు, అది అన్న మెడైనా సరే. అతనికి ఆ క్షణాన తెలివి ఉండదు. న్యూయార్క్‌లోని ఆర్చర్డ్ బీచ్‌లో లైఫ్‌గార్డుగా ఏళ్ల తరబడి మునిగేవాళ్లను గమనించిన ఫ్రాంక్ పియా చెప్పింది ఒకటుంది. నిజంగా మునిగే మనిషి కేకలు వేయడు, చేయి ఊపడు. నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ అవుతుంటే ఊపిరి తీసుకోవడానికే వ్యవధి చాలదు. చేతులు పక్కలకు చాచి నీళ్లను కిందికి నొక్కుతుంటాడు. 20 నుంచి 60 సెకన్లలో అంతా అయిపోతుంది. పక్కనున్నవాళ్లు ఆడుకుంటున్నాడని అనుకుంటారు.

ఆ సెకన్లలో చేయగలిగింది ఒడ్డున ఉండి ఏదైనా అందించడం, విసరడం. చీర, పంచె, తువ్వాలలు ముడివేసిన తాడు, గెడకర్ర, ట్యూబు ఏదైనా సరే. నీళ్లలో ఉన్న మనిషి తల పైన నిలవాలంటే నాలుగైదు కిలోల ఆసరా చాలు. మూత బిగించిన ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా అంత ఆసరా ఇస్తుంది. దాని పిడికి తాడు కట్టి, విసిరితే గాలికి పక్కకు పోకుండా లోపల రెండు గ్లాసుల నీళ్లు పోస్తే, వంద రూపాయలు కాని ఖర్చుతో ప్రాణం కాపాడే సాధనం తయారవుతుంది. బట్టలుతికే ప్రతి రేవులో అలాంటిది ఒకటి వేలాడుతుండాలని నా కోరిక.

బయటికి తీశాక మనవాళ్లు చేసే పనులు కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. కాళ్లు పట్టి తలకిందులు చేయడం, భుజాన వేసుకొని ఉరకడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్లు అలా రావు. వచ్చేది పొట్టలోని కూడు. అది గొంతుకు అడ్డుపడుతుంది. ఈలోపు విలువైన నిమిషాలు పోతాయి, నాలుగైదు నిమిషాలు ప్రాణవాయువు అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో రెండు నుంచి ఐదు ఊపిర్లు ఊదాలి. తర్వాత రొమ్ము నడుమ 30 సార్లు గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో నొక్కి, మళ్లీ రెండు ఊపిర్లు. అంబులెన్స్ వచ్చేదాకా ఇదే. గుండె ఆగి కుప్పకూలినవాడికి గుండె నొక్కడం ముందు, నీళ్లలో మునిగినవాడికి ఊపిరి ముందు. లేచి మాట్లాడినా సరే దవాఖానకు తీసుకెళ్లి కొన్ని గంటలు డాక్టర్ల కళ్ల ముందు ఉంచాలి, ఎందుకంటే ఊపిరితిత్తులు తర్వాత దెబ్బతినవచ్చు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో నీళ్లలో మునిగి చనిపోయినవాళ్లు 38 వేలు దాటారు. బంగ్లాదేశ్ ఇందులో మనకంటే ముందు నడిచింది. తల్లులు పనుల్లో ఉండే పొద్దుటి గంటల్లో చిన్నపిల్లల్ని చూసుకునే ఊరి కేంద్రాలు పెట్టింది, కాస్త పెద్దపిల్లలకు ఊరి చెరువులోనే వెదురు దడి కట్టి ఈత నేర్పింది. స్విమ్మింగ్ పూల్ కట్టలేదు. మనకు చెరువులున్నాయి, వెదురుంది, నేర్పగల మత్స్యకార కుటుంబాలున్నాయి. నేర్పితే మొదట ఆడపిల్లలకు నేర్పాలి. నీళ్ల దగ్గర ఎక్కువ పని చేసేది వాళ్లు, బాయి దగ్గర బెండు కట్టి ఎవరూ దింపనిదీ వాళ్లనే.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగిన 12 రోజులూ మిర్యాలగూడ వైపు వాడపల్లి, హుజూర్‌నగర్ వైపు మట్టపల్లి ఘాట్ల దగ్గర నదిలో హద్దులు కట్టి, గజ ఈతగాళ్లను కాపలా పెట్టారు. 2028లో మళ్లీ పుష్కరాలు వస్తాయి, మళ్లీ పెడతారు. ఎలా కాపాడాలో సర్కారుకు తెలుసు. కాలువ రేవులకు అందులో పదో వంతు చాలు. ప్రతి తూముకూ రెగ్యులేటర్‌కూ కొంత ఎగువన కాలువకు అడ్డంగా ఒక గొలుసు, లైనింగ్ మీద అక్కడక్కడా చేతికి అందేలా ఇనుప కడ్డీల మెట్లు, రేవు దగ్గర ‘కిందివైపు తర్వాతి మెట్లు ఇన్ని మీటర్లలో’ అని రాసిన బోర్డు, పక్కనే తాడు కట్టిన డబ్బా. నీళ్లు వదిలేముందు రోజు కాలువ చూసుకునే లష్కర్ వచ్చి ఊళ్లో చెప్పించాలి, బడిలో కూడా చెప్పించాలి. ఎండిన కాలువలో ఆడుకునే పిల్లలకు ముందుగా తెలియాల్సింది ఏ రోజున ఎన్ని గంటలకు నీళ్లు చివ్వెంలకు చేరతాయన్నదే.